బంగారు తీగకు గాలం: ఇంగ్లండ్ చెరువుల దగ్గర ఏ కర్ర, ఏ గుడారం, ఏ మేత?

భీమవరం దగ్గర చేపల చెరువులు చేసే మా బావగారు రెండేళ్ళ కిందట మమ్మల్ని చూడడానికి ఇంగ్లండ్ వచ్చారు. వచ్చిన మూడో రోజు నా గాలం సరంజామా అంతా గ్యారేజీలో పరిచి చూపించాను. మూడు కర్రలు, చేప దారం లాగితే మోగే రెండు అలారాలు, మడత మంచం, గుడారం. ఆయన అన్నీ ఓపిగ్గా చూసి, "ఎన్ని కిలోలు పడతాయి?" అని అడిగారు. పట్టిన చేపను తూచి, ఫోటో తీసి, గాలం దిగిన చోట మందు రాసి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తామని చెప్పాను. కాసేపు నా ముఖం వంక చూసి, "అయితే ఇదంతా ఎందుకు కొన్నావు బావా?" అన్నారు.

చేపను వదిలేయడం గురించి అడిగితే నా దగ్గర జవాబుంది. ఆ సరంజామాలో సగం ఎందుకు కొన్నానో మాత్రం నిజంగానే చెప్పలేను. మీరు ఆ సగం కొనకుండా తప్పించుకోవాలని ఇది రాస్తున్నాను.

ఇక్కడివాళ్ళు కార్ప్ అని పిలిచే చేప మనకు కొత్తదేమీ కాదు. మన చేపల బజారులో బంగారు తీగ పేరుతో అమ్మేది దీన్నే. మన దేశానికీ అది వలస వచ్చిన చేపే: 1939లో నీలగిరుల చల్లని నీళ్ళకు ఒక రకం వచ్చింది, 1957లో బ్యాంకాక్ నుంచి మైదాన ప్రాంతపు చెరువులకు తగిన రకం వచ్చింది. బొచ్చె పై నీళ్ళలో తిరుగుతుంది, శీలావతి నడిమి నీళ్ళలో. బంగారు తీగ మాత్రం అడుగున బురదలో మూతి పెట్టి వెతుక్కుంటుంది. నోటి పక్కన రెండు జతల మీసాలుంటాయి. దొరికినదాన్ని తడుముతుంది, నోట్లోకి పీల్చుకుంటుంది, నచ్చకపోతే బయటికి ఊదేస్తుంది. ఈ పీల్చడం, ఊదేయడం గుర్తుంచుకోండి. ఇకపై చెప్పబోయే వాటిలో చాలా భాగం దీని చుట్టూనే తిరుగుతుంది.

అనుమతుల సంగతి రెండు ముక్కల్లో. ఇంగ్లండ్, వేల్స్‌లలో 13 ఏళ్ళు నిండిన ప్రతివారికీ రాడ్ లైసెన్స్ ఉండాలి. 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు ఉచితమే గానీ తీసుకోవడం తప్పనిసరి. ప్రభుత్వ వెబ్‌సైటులో ఐదు నిమిషాల పని. లేకుండా దొరికితే జరిమానా 2,500 పౌండ్ల దాకా ఉండవచ్చు. లైసెన్స్ వేరు, చెరువు యజమానికి కట్టే రోజు టికెట్ వేరు. రెండూ కావాలి. నదుల్లో మార్చి మధ్య నుంచి విరామం ఉంటుంది, మళ్ళీ జూన్ 16న తెరుస్తారు. చాలా చెరువులకు ఆ విరామం వర్తించదు.

ముందు గంటలు లెక్కపెట్టుకోండి

దుకాణానికి వెళ్ళేముందు ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకోండి: నీటి ఒడ్డున నిజంగా ఎన్ని గంటలు కూర్చోగలరు? మీరు ఆశపడే గంటలు కాదు, ఇంట్లో ఒప్పుకునే గంటలు.

శనివారం తెల్లవారుజామున వెళ్ళి పదకొండింటికల్లా తిరిగొచ్చి, పిల్లల్ని ఈతకో తెలుగు బడికో తీసుకెళ్ళాల్సినవారు ఒక రకం. పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు ఇంకో రకం. శుక్రవారం సాయంత్రం వెళ్ళి ఆదివారం దాకా ఒడ్డునే పడుకునేవారు మూడో రకం. దుకాణాల్లో గోడల నిండా ఉండే సరుకు, వీడియోల్లో కనిపించే హంగామా దాదాపు అంతా మూడో రకం వారిది. కొనేవాళ్ళలో ఎక్కువమంది మొదటి రకం. నేను చేసిన తప్పూ అదే. నాకున్నవి ఐదు గంటలు, కొన్నది నలభై ఎనిమిది గంటల సరంజామా. బండిలోంచి దించి, తోసుకెళ్ళి, పరిచి, మళ్ళీ సర్దడానికే రెండు గంటలు పోయేవి.

ఎన్ని గంటలు కూర్చున్నా అందరికీ కావలసినవి మూడున్నాయి. ఒకటి 42 అంగుళాల చేతి వల. రెండోది చేపను పడుకోబెట్టడానికి మెత్తటి మ్యాట్. మూడోది గాలం తీసే పటకారు. చాలా చెరువుల్లో ఇవి లేకపోతే కూర్చోనివ్వరు. మ్యాట్‌ను ముందే తడపాలి. పొడిగా ఉంటే చేప ఒంటి మీది జిగురు ఊడిపోయి దానికి జబ్బు చేస్తుంది. డబ్బు ఆదా చేయాలనుకుంటే వేరే చోట చేయండి, ఈ మూడింటి దగ్గర వద్దు.

కర్ర: పన్నెండు అడుగులా, పదా, ఫీడరా?

కార్ప్ కర్రల మీద 2.75 పౌండ్లు, 3 పౌండ్లు, 3.5 పౌండ్లు అని రాసి ఉంటుంది. ఇది ఎంత బరువు చేపను లాగుతుందన్న లెక్క కాదు. కర్రను నేలకు సమాంతరంగా పట్టుకుని కొసకు బరువు వేలాడదీస్తే, ఆ కొస నేరుగా కిందికి చూసేంత వంగడానికి ఎంత బరువు పడుతుందో ఆ అంకె. దీన్ని టెస్ట్ కర్వ్ అంటారు. 3 పౌండ్ల కర్ర సుమారు 3 ఔన్సుల సీసం గుండును, అంటే 85 గ్రాముల్ని, హాయిగా విసురుతుంది. ఇక్కడ చేప బరువూ పౌండ్లే, దారం బలమూ పౌండ్లే, కర్ర వంపూ పౌండ్లే, చివరికి జేబులోంచి పోయేవీ పౌండ్లే. మొదట్లో నాకు తల తిరిగేది.

పన్నెండు అడుగుల 3 పౌండ్ల కర్ర పెద్ద గుంత చెరువుల కోసం. కంకర తవ్వగా మిగిలిన గుంతల్లో నీరు నిండి ఏర్పడిన చెరువులు ఇంగ్లండ్‌లో చాలా ఉన్నాయి. అక్కడ 80, 90 గజాల దూరం విసరాల్సి రావచ్చు. మీరు వెళ్ళేది అలాంటి చోటికైతే ఇదే కొనండి. కానీ ఊరి పక్కన ఉండే రోజు టికెట్ చెరువుల్లో చాలావాటికి అవతలి ఒడ్డు 40 గజాల్లోనే ఉంటుంది. చెట్ల కొమ్మలు నెత్తి మీదే ఉంటాయి. పన్నెండు అడుగుల కర్ర ఎత్తితే మొదట తగిలేది కొమ్మే. పైగా అంత బిగువు కర్రకు నాలుగైదు పౌండ్ల చేప పడితే అది పడిందన్న సంగతే చేతికి తెలియదు.

చిన్న చెరువులకు నా ఓటు పది అడుగుల కర్రకే. కారులో పడుతుంది, కొమ్మల కింద ఆడుతుంది, ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూ వేటాడడానికి వీలుగా ఉంటుంది. పొట్టి కర్రతో పెద్ద చేప రాదని భయపడేవారికి ఒక సంగతి. 1952 సెప్టెంబరులో రిచర్డ్ వాకర్ హియర్‌ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌మైర్ కొలనులో 44 పౌండ్ల కార్ప్‌ను పట్టారు. దాదాపు 20 కిలోలు. ఆయన చేతిలో ఉన్నది వెదురు బద్దలు అతికించి చేసిన పది అడుగుల కర్ర. గాలానికి గుచ్చింది రొట్టె. ఆ చేపను లండన్ జూకు ఇస్తే అది 1971 దాకా అక్కడే బతికింది.

ఐదు గంటలవారికి మాత్రం ఈ రెండింటికన్నా ఫీడర్ కర్ర మేలు. పది, పదకొండు అడుగులుంటుంది, కొస సన్నగా, సున్నితంగా ఉండి చేప ముట్టుకుంటే వణుకుతుంది. దీనితో వాడే మెథడ్ ఫీడర్ అనే చిన్న సాధనం గురించి కాస్త వివరంగా చెప్పాలి. నాకు చేపలు పడడం మొదలైంది దాంతోనే.

అది అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ చట్రం, అడుగున బల్లపరుపుగా సీసం. 2 మిల్లీమీటర్ల సన్న పెల్లెట్లను, అంటే చేపల మేత గుళికలను, డబ్బాలో పోసి, మునిగేలా నీళ్ళు పోసి, రెండు నిమిషాల తర్వాత వంచేసి, ఇంకో పావుగంట అలా వదిలేయాలి. అప్పటికి అవి సున్నుండలకు కలిపిన పిండిలా తయారవుతాయి: నొక్కితే నిలవాలి, నీటి అడుగున విడిపోవాలి. ఆ పిండిని అచ్చులో వేసి, మధ్యలో ఎరతో సహా గాలాన్ని పెట్టి, పైన చట్రాన్ని నొక్కి తీస్తే చిన్న ముద్ద వస్తుంది. గాలానికీ చట్రానికీ మధ్య దారం 10 సెంటీమీటర్లే. ముద్ద అడుగుకు చేరాక మెల్లగా విడిపోయి చిన్న కుప్పగా మారుతుంది. కార్ప్ ఆ కుప్పను పీలుస్తుంది, దానితోపాటు గాలమూ లోపలికి పోతుంది. వెనక్కి తిరగగానే సీసం బరువు తగులుతుంది, బెదిరి పరుగెత్తుతుంది, గాలం దానంతట అదే దిగుతుంది. మీరు చేయాల్సింది కర్ర నీళ్ళలోకి పోకుండా పట్టుకోవడమే.

ఒక్క షరతు: పదిసార్లు విసిరితే పదిసార్లూ అదే చోట పడాలి. ఎదుటి ఒడ్డున ఒక చెట్టును గురి పెట్టుకుని, సరిపోయిన దూరం దగ్గర దారాన్ని రీలు పక్కనున్న క్లిప్పులో ఇరికించండి. పెద్ద చేపలున్న చోట మాత్రం విసిరాక దారాన్ని ఆ క్లిప్పులోంచి తీసేయాలి, లేకపోతే మొదటి పరుగుకే దారం తెగుతుంది. నాకు తెగింది.

దారం, రీలు, అలారం గురించి ఎక్కువ ఆలోచించకండి. ఫీడర్‌కు 8 పౌండ్ల తంగూసు దారం, కార్ప్ కర్రకు 12 నుంచి 15 పౌండ్లది. అలారం రాత్రి నిద్రపోయేవారికి అవసరం. పగలు అది ఉంటే మన కళ్ళు ఫోనులో ఉంటాయి, నీటి మీద ఉండవు. అడుగున కార్ప్ బురద కెలికినప్పుడు పైకి వచ్చే సన్నని బుడగల వరుస ఏ అలారమూ చెప్పదు.

గాలం విషయంలో ఒక్కటి చెప్పి వదిలేస్తాను. ఒకప్పుడు ఎరను గాలానికే గుచ్చేవారు. కార్ప్ దాన్ని పీల్చి, లోపలి ఇనుము తెలిసిపోయి, ఊదేసేది. 1980 ప్రాంతంలో లెనీ మిడిల్టన్, కెవిన్ మాడాక్స్ అనే ఇద్దరు ఎరను గాలానికి కాకుండా గాలం నుంచి వేలాడే వెంట్రుకకు కట్టి చూశారు. మాటవరసకు కాదు, నిజంగా మనిషి తల వెంట్రుకే. చేప ఎరను పీలిస్తే ఖాళీ గాలం వెంట వస్తుంది. ఊదేస్తే ఎర బయటికి పోతుంది గానీ గాలం పెదవికి తగులుకుంటుంది. ఇప్పుడు వెంట్రుక స్థానంలో సన్న దారం వచ్చింది, పేరు మాత్రం హెయిర్ రిగ్ అనే మిగిలింది. కట్టినవి దుకాణంలో దొరుకుతాయి. మొదటి ఏడాది అవే కొనండి. కొస దగ్గర వెనక్కి తిరిగే ముల్లు లేని గాలాలే తీసుకోండి. అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని మరచిపోకండి. ఫీడర్‌కు 12, పెద్ద చేపకు 6 లేదా 8.

గొడుగు, బ్రోలీ, బివ్వీ

పగటి వేటకు 50 అంగుళాల ఆకుపచ్చ గొడుగు చాలు. మధ్య కర్రను నేలలో గుచ్చి, గాలి వచ్చే వైపు వాల్చి, రెండు తాళ్ళు కట్టేయాలి. తాళ్ళు కట్టకపోతే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను. ఒక అక్టోబరు మధ్యాహ్నం నా గొడుగు లేచి, నీటి మీద దొర్లుకుంటూ చెరువు మధ్యకు వెళ్ళి, అవతలి ఒడ్డున కూర్చున్న పెద్దాయన కర్రల మీద వాలింది. ఆయన ఏమీ అనలేదు. గొడుగు మడిచి, చుట్టూ తిరిగి తెచ్చిచ్చి, రెండు మేకులు నా చేతిలో పెట్టి వెళ్ళారు.

రాత్రి ఉండాలనుకుంటేనే అసలు పోలిక మొదలవుతుంది. బ్రోలీ అంటే మధ్య కర్ర లేని పెద్ద గొడుగు. వెడల్పు 60 అంగుళాలు, ముందు భాగం తెరిచి ఉంటుంది, రెండు నిమిషాల్లో నిలబడుతుంది. విడిగా ముందు తెర కొనుక్కుని తగిలించుకోవచ్చు. బివ్వీ అంటే తలుపు, కిటికీలు, నేల పట్టా ఉన్న గుడారం. బరువు బ్రోలీకి రెట్టింపు, కొన్ని అంతకన్నా ఎక్కువ. నిలబెట్టడానికి అలవాటైనవారికి పావుగంట, నాకు అరగంట.

సౌకర్యం చూస్తే బివ్వీదే పైచేయి. నేను మాత్రం చేపల వైపు నుంచి ఆలోచించమంటాను. కొత్తగా వెచ్చటి గాలి వీస్తే కార్ప్‌లు తరచూ ఆ గాలి కొట్టే ఒడ్డుకే చేరతాయి. మనకు సుఖం గాలి వీపు వెనక ఉన్నప్పుడు. అంటే హాయిగా కూర్చునే ఒడ్డు ఒకటి, చేపలున్న ఒడ్డు ఇంకొకటి. పైగా తెల్లవారుజామున నాలుగింటికి అవతలి మూలలో చేపలు ఎగురుతుంటే, బ్రోలీ ఉన్నవాడు పది నిమిషాల్లో అన్నీ సర్దుకుని వెళ్ళి అక్కడ దిగుతాడు. బివ్వీ ఉన్నవాడు పక్క మీదే పడుకుని, "ఇటే వస్తాయిలే" అనుకుంటాడు. నేను చాలా తెల్లవారుజాములు అలా అనుకున్నాను. రావు.

కాబట్టి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఒకటి రెండు రాత్రులకు బ్రోలీ, ముందు తెరతో. నవంబరు దాటాక కూడా వెళ్ళే పట్టుదల ఉంటేనో, రెండు మూడు రాత్రులు వరసగా ఉంటేనో, లేదా పిల్లవాణ్ని వెంట తీసుకెళ్తేనో బివ్వీ. పిల్లల మాట వచ్చిందంటే నా వాదనలన్నీ పక్కన పెట్టండి, తలుపున్నదే తీసుకోండి.

గుడ్డ మీద 5,000 మిల్లీమీటర్లు, 10,000 మిల్లీమీటర్లు అని రాస్తారు. ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపుతుందో అది చెబుతుంది. ఇక్కడి వానకు 5,000 సరిపోతుంది. తేడా వచ్చేది కుట్ల దగ్గర. నా బివ్వీలో మొదటి రాత్రి గడిచి లేచేసరికి పక్క బట్టలన్నీ తడి. గుడారం కారుతోందని దుకాణానికి మోసుకెళ్ళాను. అక్కడి కుర్రవాడు, "తలుపు పూర్తిగా మూసుకున్నారా?" అని ఒకే ప్రశ్న అడిగాడు. మూసుకున్నాను. గుడారం కారలేదు, నా ఊపిరే ఆవిరై, చల్లటి గుడ్డకు తగిలి చుక్కలు కట్టి నా మీద పడింది. తలుపు పైభాగం జానెడు తెరిచి ఉంచితే చాలు. రెండు పొరల గుడ్డ ఉన్న రకంలో ఈ బాధ తగ్గుతుంది, బరువూ ధరా పెరుగుతాయి.

తలుపు మూసిన గుడారంలో స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ ఎప్పుడూ పెట్టకండి. ఆరిపోయినట్టు కనిపించే కుంపటి కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఇలా నిద్రలోనే పోయినవారున్నారు. టీ బయట కాచుకోండి. అలాగే కార్బన్ కర్రలు కరెంటును ఇట్టే పట్టుకుంటాయి. ఉరుము వినబడితే కర్రలు కింద పెట్టి పక్కకు వెళ్ళండి, విద్యుత్ తీగలకు కనీసం 30 మీటర్ల దూరంలో కూర్చోండి.

కొనేముందు మీ చెరువు నిబంధనలు చదవండి. కొన్నిచోట్ల రాత్రి వేట నిషేధం, కొన్నిచోట్ల నేల పట్టా వేయకూడదు. చెక్క వేదికల మీద కూర్చోవాల్సిన చోట మామూలు మేకులు దిగవు.

ఎర వేరు, మేత వేరు

గాలానికి ఉండేది ఎర. చుట్టూ చల్లేది మేత. కొత్తవారు ఎర గురించి గంటలు ఆలోచించి, మేతను గుప్పిళ్ళతో గుమ్మరిస్తారు. చేప పడడం పడకపోవడం ఎక్కువగా రెండోదానిమీదే ఉంటుందని నా నమ్మకం.

దుకాణంలో మొదట కనిపించేవి బాయిలీలు: గుడ్లతో పిండి కలిపి, ఉండలు చుట్టి, ఉడకబెట్టినవి. ఉడికితే పైన గట్టి పొర వస్తుంది, చిన్న చేపలు దాన్ని కొరకలేవు, పెద్ద కార్ప్ మాత్రం గొంతులోని పళ్ళతో నలిపేస్తుంది. ఈ ఉండల పుట్టుకకు కారణమే అది. మామూలు పిండి ముద్ద పెడితే కార్ప్ వచ్చేలోపు చిన్న చేపలు ఊడ్చేసేవి. రాత్రంతా ఒకే ఎరతో ధైర్యంగా నిద్రపోవాలంటే బాయిలీని మించింది లేదు. కిలో దాదాపు పది పౌండ్లు, మంచి రకాలు ఇంకా ఎక్కువ. ఇంట్లో చేసుకోవడమూ కష్టం కాదు. బొంబాయి రవ్వ, సోయా పిండి సగం సగం కలపాలి. అరకిలో పొడికి ఐదారు గుడ్లు పడతాయి. చేపపిండి గానీ మసాలా గానీ కాస్త జోడించి, మరిగే నీటిలో రెండు నిమిషాలు ఉంచి తీసి, తువాలు మీద ఆరబోయాలి. కారప్పొడి వాసన వీటికి నచ్చుతుంది. ఇక్కడి బాయిలీల్లో మసాలా రకాలకు ఎప్పటినుంచో గిరాకీ ఉంది. ఇంట్లో చేసేముందు ఒక్క మాట: గిన్నె వేరే పెట్టుకోండి.

ఐదు గంటలవారికి బాయిలీ అనవసరం. పెల్లెట్లు, వాటితో మెథడ్ ఫీడర్, గాలానికి 8 మిల్లీమీటర్ల చిన్న ఎర. చేపల పెంపకం జరిగే చెరువుల్లో కార్ప్‌లు చిన్ననాటినుంచి పెల్లెట్లు తిని పెరిగినవే, అనుమానం లేకుండా నోరు పెడతాయి. నూనె ఎక్కువగా ఉండే ముదురు రంగు పెల్లెట్లు వేసవికి మాత్రమే.

ఇక మన వంటింటి సంగతి: గుగ్గిళ్ళు. కాబూలీ శనగలు ఇక్కడ కార్ప్ వేటగాళ్ళకు బాగా తెలిసిన మేత. వాళ్ళు డబ్బాల్లో కొంటారు. మనం భారతీయ సరుకుల దుకాణంలో పెద్ద సంచి తెచ్చుకుంటే ఖర్చు చాలా తగ్గుతుంది. రాత్రంతా నానబెట్టి, అరగంట ఉడికించండి. వేలితో నొక్కితే నలగాలి, గాలానికి గుచ్చితే నిలవాలి. ఉప్పు వేయకుండా చేసిన వినాయక చవితి గుగ్గిళ్ళే అనుకోండి. మొక్కజొన్నను పూర్తిగా ఒక రోజు నానబెట్టి అరగంట ఉడికించాలి. హెంప్ (గంజాయి జాతి మొక్క) గింజలు పగిలి తెల్లటి మొలక ముక్కు కనిపించేదాకా ఉడకాలి. ఈ గింజలు చిన్నవి కావడంతో కార్ప్‌లు ఒకచోటే తల వంచి చాలాసేపు ఏరుకుంటాయి. వాటిని నిలబెట్టడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు.

ఉడికించడం మీద అంత పట్టు ఎందుకంటే, కార్ప్‌కు అసలు జీర్ణాశయమే లేదు, ఉన్నది పొడుగాటి పేగు. సరిగా నానని గింజ లోపలికి వెళ్ళి ఉబ్బితే చేపకు ప్రాణాపాయం. పీటర్‌బరో దగ్గరి బ్లూబెల్ చెరువుల్లో బెన్సన్ అనే 60 పౌండ్ల పైబడిన కార్ప్ ఉండేది, ఎంతోమంది పట్టి వదిలిన చేప. 2009లో అది చచ్చి తేలినప్పుడు పచ్చి టైగర్ నట్స్ తినడం వల్లేనేమోనని అనుమానించారు, అది దేశమంతా వార్తయింది. పేరుకు నట్స్ గానీ అవి తుంగ జాతి మొక్క దుంపలు. కొన్ని చెరువుల్లో వాటిని పూర్తిగా నిషేధించారు. బోర్డు చదివి వెళ్ళండి.

రొట్టె గురించి చెప్పకపోతే అన్యాయం. జూలై సాయంత్రం, గాలి లేని వేళ, కార్ప్‌లు పైకి వచ్చి తిరుగుతుంటే సీసం గుండు, మేత, గుడారం ఏవీ అక్కర్లేదు. రొట్టె పెచ్చులు నాలుగు తేలనివ్వండి. అవి మాయమవుతుంటే ఐదోదానిలో గాలం దాచండి. పెద్ద నోరు తెరుచుకుని, చప్పరిస్తున్న శబ్దంతో ఆ పెచ్చు లోపలికి పోవడం కళ్ళారా చూస్తారు. చేయి వణుకుతుంది, తొందరపడి లాగేస్తారు, చేప పోతుంది. రెండోసారి ఓపిక పడతారు. బాతులు మాత్రం ముందే వస్తాయి. నేనొకసారి మరమరాలు చల్లి చూశాను. బాతులు చాలా సంతోషించాయి.

ఎంత వేయాలి

ఇక్కడే మా బావగారి మాట పనికొచ్చింది. వాళ్ళ చెరువుల్లో సంచులకు చిల్లులు పెట్టి, తవుడు నింపి, నీటిలో పాతిన కర్రలకు కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర తింటాయి. సంచి ఎంత తొందరగా ఖాళీ అయిందో చూసి మరునాటి మేత తేలుస్తారు. నేను విసరగానే రెండు కిలోల మేత గుమ్మరిస్తానని చెబితే ఆయన, "అవి తింటున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నారు. తెలియదు. కూరలో ఉప్పు తగ్గితే వేసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం.

ఒకటి రెండు రోజులకు వెళ్ళేవారు మొదట గుప్పెడు గుగ్గిళ్ళు, పది పదిహేను బాయిలీలు చల్లి ఆగండి. చేప పడితే ఇంకో గుప్పెడు. పడకపోతే మేత పెంచకండి, చోటు మార్చండి. నీటిలో కరిగే పీవీఏ సంచిలో చిటికెడు పెల్లెట్లు నింపి గాలానికి కట్టి విసరడం ఇంకో పద్ధతి. మన చిల్లుల సంచికి ఇది చిన్న తమ్ముడు. కిలోల కొద్దీ మేత వేయడం ఎప్పుడు పనిచేస్తుందంటే, ఇంటికి దగ్గర్లో పెద్దగా జనం రాని క్లబ్బు చెరువు ఉండి, వారం పది రోజులు ఒకే చోట, ఒకే వేళకు వేయగలిగినప్పుడు. అప్పుడు చేపలకు ఆ చోటు అలవాటవుతుంది. రోజు టికెట్ చెరువులో అలా వేస్తే మీ మేత తిన్న చేపను మంగళవారం ఇంకెవరో పడతారు.

నీరు 10 డిగ్రీలకన్నా చల్లబడితే ఇవన్నీ మారతాయి. చల్లటి నీటిలో కార్ప్ అరుగుదల మందగిస్తుంది, తిండి బాగా తగ్గుతుంది. మేత దాదాపు మానేసి, ముదురు పసుపో గులాబీయో రంగున్న ఒక్క ఎర, చుట్టూ నాలుగు పెల్లెట్లు. మిట్టమధ్యాహ్నం రెండు గంటలు కూర్చుంటే చాలు. జనవరి రాత్రుల కోసం గుడారం కొనమని నేనెవరికీ చెప్పను.

ఒకటే బడ్జెట్, ఒకటే సారి కొనాలి అనేవారికి నా వరస ఇది: వల, మ్యాట్, పటకారు, తర్వాత ఫీడర్ కర్ర ఒకటి, తర్వాత వాన కోటు, తర్వాత 50 అంగుళాల గొడుగు. అక్కడ ఆగి ఒక ఏడాది వేటాడండి. రెండో వేసవికి కూడా తెల్లవారుజామున లేస్తున్నారంటే పది అడుగుల కార్ప్ కర్ర, ఆ తర్వాతే బ్రోలీ. నా మూడు కర్రల్లో రెండు అమ్మేశాను. బివ్వీ ఇంకా ఉంది, ఎవరూ కొనలేదు.

ఇంటికి వచ్చాక వలను, మ్యాట్‌ను కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఒక చెరువు తడితో ఇంకో చెరువుకు వెళ్తే కోయి హెర్పిస్ వైరస్ లాంటివి మోసుకెళ్ళినట్టే. ఆ జబ్బు తగిలిన చెరువులో కార్ప్‌లు గుంపులుగా చస్తాయి. అందుకే కొందరు యజమానులు వలలను మందు నీళ్ళ తొట్టిలో ముంచాకే లోపలికి రానిస్తారు. ఎండ ఉంటే పెరట్లో తీగ మీద రెండు గంటల్లో ఆరుతుంది. ఎండ లేని రోజుల్లో ఎక్కడ ఆరేయాలన్నదానిపై మా ఇంట్లో ఇంకా రాజీ కుదరలేదు. ప్రస్తుతానికి గ్యారేజీలో పిల్లల సైకిళ్ళ పైన వేలాడుతోంది.